ఇంటర్నెట్‌ను తానే కనిపెట్టానని అల్ గోర్ ఎప్పుడన్నారు?

1999 మార్చి 9న సీఎన్ఎన్ విలేకరి వుల్ఫ్ బ్లిట్జర్ అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్‌ను చాలా మామూలు ప్రశ్న అడిగారు. అధ్యక్ష పదవికి డెమోక్రాటిక్ పార్టీ టికెట్ కోసం బిల్ బ్రాడ్లీ కూడా పోటీ పడుతున్నారు కదా, ఆయన్ను కాదని మిమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలి? ఇలాంటి ప్రశ్నకు ఏ నాయకుడైనా తన ఘనకార్యాల చిట్టా విప్పుతాడు. గోర్ కూడా విప్పారు. కాంగ్రెస్‌లో పనిచేసిన కాలంలో ఇంటర్నెట్‌ను సృష్టించడంలో తాను చొరవ తీసుకున్నానని చెప్పి, అదే ఊపులో ఆర్థికాభివృద్ధి, పర్యావరణం, చదువుల సంగతికి వెళ్లిపోయారు. బ్లిట్జర్ ఆపి అడగలేదు. ఆ మాటలో వార్త ఉందని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

రెండు రోజుల తర్వాత వైర్డ్ న్యూస్ ఆ మాటను ఎత్తి చూపుతూ ఒక కథనం వేసింది. రిపబ్లికన్ నాయకులకు పండగే. సెనేట్‌లో వారి నాయకుడు ట్రెంట్ లాట్, అలాగైతే పేపర్ క్లిప్పును కనిపెట్టింది నేనే అని ప్రకటన విడుదల చేశారు. మాజీ ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్, గోర్ ఇంటర్నెట్‌ను కనిపెడితే కంప్యూటర్‌లో స్పెల్లింగు తప్పులు దిద్దే ప్రోగ్రాంను కనిపెట్టింది నేను అని చమత్కరించారు. (1992లో ఒక బడిలో బంగాళాదుంప స్పెల్లింగు తప్పు చెప్పి దేశం నోట్లో నానిన మనిషి ఆయన. తన మీద తానే వేసుకున్న ఆ జోకు బాగా పేలింది.) ఈ నవ్వుల మధ్య గోర్ అసలు వాక్యం ఎటో పోయింది. 'సృష్టించడంలో చొరవ తీసుకున్నాను' కాస్తా 'కనిపెట్టాను' అయి కూర్చుంది. ఆయన ఎన్నడూ అనని ఆ మాటే నేటికీ ఆయన పేరు పక్కన వినిపిస్తుంది.

అసలు జరిగిందేమిటి? ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది. గోర్ హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తి చేసింది ఆ సంవత్సరమే. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టీసీపీ, ఐపీ నియమావళిని 1970లలో రూపొందించినది వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్. కాబట్టి 'సృష్టి' అన్న మాటను పట్టుకుంటే గోర్ వాదన నిలవదు. అయితే విశ్వవిద్యాలయాలకూ సైన్యానికీ పరిమితమైన ఆ వ్యవస్థను దేశమంతటికీ తీసుకురావాలని చట్టసభల్లో పట్టుబట్టిన మొదటి వారిలో ఆయన ఉన్నారు. 1986లోనే సూపర్ కంప్యూటర్ల నెట్‌వర్కుపై అధ్యయనం కోరుతూ బిల్లు పెట్టారు. ఆయన చొరవతో వచ్చిన 1991 నాటి హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ చట్టం ఈ రంగానికి 60 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ నిధుల సాయంతోనే 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని పరిశోధనా కేంద్రంలో మొజాయిక్ బ్రౌజర్ తయారైంది. మామూలు మనిషి ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టడానికి తలుపు తెరిచింది అదే. ఆ చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు ఎవరో కాదు, 2000 ఎన్నికలో గోర్‌పై పోటీ చేసిన జార్జి డబ్ల్యూ బుష్ తండ్రి.

2000 సెప్టెంబరులో సెర్ఫ్, కాన్ స్వయంగా ప్రకటన రాశారు. తమకు తెలిసినంతలో ఇంత సుదీర్ఘ కాలం ఇంటర్నెట్‌కు ఇంత మేలు చేసిన ప్రజాప్రతినిధి మరొకరు లేరన్నది దాని సారాంశం. అసలు కనిపెట్టినవాళ్లే వచ్చి సాక్ష్యం చెప్పారు. ఉపయోగం లేకపోయింది. అప్పటికి ఏడాదిన్నరగా ఆ జోకు జనంలో తిరుగుతూనే ఉంది.

నన్నడిగితే గోర్ వాక్యం అబద్ధం కాదు, అడ్డదిడ్డంగా కూర్చిన గొప్ప. దాని మీద అల్లిన కథ మాత్రం ఆ గొప్ప కంటే ఎన్నో రెట్లు పెద్ద అతిశయోక్తి. మరి ఆ కథ గోర్‌కే ఎందుకు అతుక్కుంది? దీనికి జవాబు 1999లో దొరకదు, పదేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1988లో గోర్ మొదటిసారి అధ్యక్ష పదవికి ప్రయత్నించినప్పుడే, ఉన్నదాన్ని పెంచి చెప్పడం మీ పెద్ద బలహీనత అని ఆయన సొంత ప్రచార సిబ్బంది లిఖితపూర్వకంగా హెచ్చరించారు. విలేకరిగా పనిచేసిన రోజుల్లో తాను రాసిన వార్తల వల్ల కొందరు జైలుకు వెళ్లారని అప్పట్లో ఆయన చెప్పుకున్నారు. కేసులు నమోదైన మాట నిజమే, జైలుకు వెళ్లినవారు మాత్రం లేరు. 1997 డిసెంబరులో విమానంలో విలేకరులతో పిచ్చాపాటీ మాట్లాడుతూ, ఒక ప్రసిద్ధ ప్రేమ నవలకు తామిద్దరు దంపతులమే స్ఫూర్తి అని ఒక పత్రికలో వచ్చిందన్నారు. ఆ నవల రచయిత తర్వాత వివరణ ఇస్తూ, కథానాయకుడి పాత్రలో గోర్ ఛాయలు కొంత ఉన్నాయి గానీ ఆయన భార్యకు సంబంధం లేదన్నారు. పొరపాటు పత్రికది, దాన్ని ముచ్చటపడి చెప్పుకున్న మాట గోర్‌ది. ఇలా గోరంతను కొండంత చేయడం ఆయనకు అలవాటే. కాకపోతే ప్రతిసారీ అడుగున గోరంత నిజం ఉండేది. 1999 నాటికి ఆ గోరంతను చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడాది నవంబరు 30న జరిగిన సంఘటనను కొంచెం దగ్గరగా చూడాలి. న్యూహాంప్‌షైర్ రాష్ట్రం కాంకర్డ్‌లోని ఒక హైస్కూలులో గోర్ విద్యార్థులతో మాట్లాడుతున్నారు. ఒక్క మనిషి ఏం చేయగలడని నిరాశపడకండి అని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇచ్చారు. టెన్నెసీ రాష్ట్రం టూన్ అనే ఊరి నుంచి ఒక విద్యార్థిని రాసిన ఉత్తరంతో అక్కడి విషపు వ్యర్థాల సంగతి తనకు తెలిసిందని, అలాంటి చోట్లు ఇంకా ఎక్కడున్నాయో వెతికితే న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ కనబడిందని, రెండింటిపై కాంగ్రెస్‌లో విచారణ జరిపించానని చెప్పారు. లవ్ కెనాల్ పేరు అందరికీ తెలుసు, టూన్ పేరు మీరు విని ఉండరు, అన్నింటికీ నాంది పలికింది మాత్రం అదే అని ముగించారు. 'అదే' అంటే టూన్. ఆ ఊరి అమ్మాయి రాసిన ఉత్తరం.

మర్నాడు వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ పత్రికల్లో అది 'అన్నింటికీ నాంది పలికింది నేనే' అని వచ్చింది. రిపబ్లికన్ పార్టీ దాన్ని అందుకుని దేశమంతా పంచింది. ఇంటర్నెట్ అయింది, ఇప్పుడు లవ్ కెనాల్ కూడా ఈయనే కనిపెట్టాడట అని టీవీ వ్యాఖ్యాతలు విరగబడి నవ్వారు. ఆ బడి పిల్లల దగ్గర మాత్రం ప్రసంగం వీడియో టేపు ఉంది. వాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ వేసి చూసి, ఆయన అన్నది అది కాదని సవరణ కోరారు. దేశంలోకెల్లా పేరున్న రెండు పత్రికలతో సవరణ వేయించడానికి వాళ్లకు రోజులు పట్టింది. వచ్చిన సవరణ ఎంత చిన్నదో, ఎంతమంది కంట పడి ఉంటుందో వేరే చెప్పాలా?

ఇందులోనూ గోర్ తప్పు కొంత ఉంది. లవ్ కెనాల్‌లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ 1978 ఆగస్టులోనే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. గోర్ విచారణ అదే ఏడాది అక్టోబరులో జరిగింది. ఆయన వెతికి కనుక్కోవలసిన పని లేకుండానే ఆ పేరు అప్పటికి పత్రికలకెక్కింది. అయితే పత్రికలు పట్టుకున్నది ఈ లోపాన్ని కాదు. అభ్యర్థి గురించి ఒక కథ ముందే సిద్ధంగా ఉంటే, విలేకరి చెవి కూడా ఆ కథకు సరిపోయే మాటనే వింటుంది. 'అదే' అన్నది 'నేనే' అని వినబడడానికి దురుద్దేశం అక్కర్లేదు. గోర్ గొప్పలు చెప్పుకునే మనిషి అన్న నమ్మకం చాలు.

2000 అక్టోబరు 3న బోస్టన్‌లో బుష్‌తో జరిగిన తొలి ముఖాముఖి చర్చ నాటికి ఈ నమ్మకం ముదిరి పాకాన పడింది. టెక్సస్‌లో కార్చిచ్చు రేగినప్పుడు విపత్తు నిర్వహణ సంస్థ అధిపతి జేమ్స్ లీ విట్‌తో కలిసి అక్కడికి వెళ్లానని గోర్ అన్నారు. విట్‌తో కలిసి ఆయన పలు విపత్తు ప్రాంతాలకు వెళ్లినది వాస్తవమే. టెక్సస్‌కు వెళ్లినదీ వాస్తవమే. ఆ ప్రయాణంలో మాత్రం విట్ లేరు. ఫ్లోరిడాలో ఒక బడిలో చోటు చాలక ఒక విద్యార్థిని నిలబడే పాఠం వింటోందన్నారు. ఆమె నిలబడింది కొద్ది సమయమేనని, తర్వాత బల్ల దొరికిందని ప్రిన్సిపాల్ ప్రకటించారు. ఆ రాత్రి జరిపిన సర్వేల్లో చర్చ గెలిచింది గోరే. తర్వాతి వారం టీవీలు చర్చలో ఆయన విడిచిన నిట్టూర్పులనూ ఈ రెండు తప్పులనూ తిప్పి తిప్పి చూపించేసరికి గెలుపు ఓటమిలా కనబడసాగింది. అక్టోబరు 11న జరిగిన రెండో చర్చలో ఆయన, కొన్ని వివరాలు తప్పు చెప్పాను, క్షమించండి అని కోట్లమంది ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

అదే అక్టోబరులో, 17న సెయింట్ లూయిస్‌లో జరిగిన మూడో చర్చలో బుష్ ఒక మాటన్నారు. టెక్సస్ గవర్నరుగా రెండు పార్టీలనూ కలుపుకుని రోగుల హక్కుల చట్టం తెచ్చానన్నారు. నిజానికి 1995లో అలాంటి బిల్లును ఆయన తిరస్కరించారు. 1997లో ఆరోగ్య బీమా సంస్థలపై దావా వేసే హక్కు ఇచ్చిన బిల్లు ఆయన సంతకం లేకుండానే చట్టమైంది. ఒక విధానం మీద తన వైఖరినే తలకిందులు చేసి చెప్పడం, ప్రయాణంలో పక్కనున్న అధికారి పేరు తప్పు చెప్పడం, ఈ రెండింటిలో ఓటరుకు ఏది ముఖ్యం? ప్రచారమంతా రెండోదాని చుట్టూ తిరిగింది. పత్రికలు బుష్‌కు అంటించిన కథ వేరు. తెలివి అంతంతమాత్రం గానీ మనసు నిర్మలం అని. ఆ కథ ఉన్నవాడు లెక్క తప్పితే తడబాటు, గోర్ తప్పితే బుకాయింపు.

దీని ఫలితం పోలింగు రోజున కనబడింది. ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగిన ఎగ్జిట్ పోల్‌లో 24 శాతం మంది తమకు అన్నిటికంటే ముఖ్యం నిజాయతీ అన్నారు. వారిలో 80 శాతం బుష్‌కు, 15 శాతం గోర్‌కు వేశారు. మోనికా లెవిన్‌స్కీ వ్యవహారంలో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఆడిన అబద్ధాల నీడ కూడా ఇందులో ఉంది కాబట్టి భారమంతా ఇంటర్నెట్ జోకు మీద వేయలేం. అమెరికాలో గెలుపును తేల్చేది రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు కాబట్టి, దేశమంతటా 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చిన గోర్ ఫ్లోరిడాలో 537 ఓట్లతో ఓడిన ఎన్నిక అది. అంత సన్నని తేడాకు ఏ కారణాన్నైనా చూపవచ్చు, అందుకే ఏ ఒక్కదాన్నీ రుజువు చేయలేం.

గోర్ కథ ఒక్కటే చూస్తే, గొప్పలు చెప్పుకున్నవాడు మునుగుతాడు అనిపిస్తుంది. అమెరికా చరిత్ర అలా చెప్పదు. 1840లో విలియం హెన్రీ హారిసన్ పోటీ చేసినప్పుడు, ఈ ముసలాయనకు ఒక పీపా సారా, కొంత పింఛను ఇస్తే కర్రల గుడిసెలో కూర్చుని కాలం వెళ్లదీస్తాడు అని ప్రత్యర్థి పత్రిక ఒకటి ఎగతాళి చేసింది. ఆయన పార్టీ ఆ ఎగతాళినే జెండాగా ఎత్తుకుంది. ఊరూరా గుడిసె బొమ్మలు ఊరేగించి, మా నాయకుడు పేదల బిడ్డ అంది. హారిసన్ పుట్టింది వర్జీనియాలోని పెద్ద ఎస్టేటులో, తండ్రి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ప్రముఖుడు. దొరబాబు అని ముద్ర వేయించుకుని ఓడిన వాన్ బ్యూరెన్ తండ్రి ఒక పల్లెటూరి పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. కట్టుకథ హారిసన్‌కు 234 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చింది, నిజం వాన్ బ్యూరెన్‌కు 60.

రోనాల్డ్ రీగన్ దగ్గర ఒక ఇష్టమైన కథ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిపోతున్న బాంబర్ విమానంలో గాయపడి కదలలేని కుర్రవాణ్ని వదిలి దూకలేక, కలిసే కిందికి వెళదాం అంటూ అతని చెయ్యి పట్టుకుని కూర్చున్న కమాండర్ కథ. 1983 డిసెంబరులో, అధ్యక్షుడి హోదాలో, అత్యున్నత సైనిక పతకం పొందినవారి ముందు దీన్ని చెప్పారు. ఆ కమాండర్‌కు మరణానంతరం ఆ పతకం వచ్చిందని కూడా చెప్పారు. లార్స్ ఎరిక్ నెల్సన్ అనే విలేకరి ఆ యుద్ధంలో ఇచ్చిన 434 పతకాల ప్రశంసాపత్రాలూ తిరగేశారు. అలాంటి సంఘటన ఒక్కటీ లేదు. ఒక సినిమాలో అలాంటి దృశ్యం మాత్రం ఉంది. సంజాయిషీ అడిగితే వైట్‌హౌస్ ప్రతినిధి ల్యారీ స్పీక్స్, ఒకే కథను ఐదుసార్లు చెబితే అది నిజమే అవుతుందన్నారు. వేళాకోళంగా అన్నారో విసుగుతో అన్నారో గానీ, మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగం చేసి చూపిన సంగతి అదే. ఏ వాక్యమైనా పదే పదే చెవిన పడితే, తెలిసినట్టు అనిపించడమే నిజమనిపించడానికి దారి తీస్తుంది. 1984 ఎన్నికలో రీగన్ 49 రాష్ట్రాలు గెలిచారు.

రీగన్ కథ రీగన్‌ను పొగడదు. దేశాన్ని పొగుడుతుంది, వినేవాణ్ని పొగుడుతుంది. గోర్ కథలన్నీ చివరికి గోర్ దగ్గరికే చేరతాయి. జనం ఒకదాన్ని క్షమించి మరొకదాన్ని క్షమించకపోవడానికి ఇది ఒక పెద్ద కారణమని నా ఉద్దేశం. తన గురించి తాను చెప్పుకునే గొప్పకు మరో ప్రమాదం ఉంది. దాన్ని పరీక్షించడం తేలిక. 2008 మార్చిలో హిల్లరీ క్లింటన్, 1996లో బోస్నాలోని తుజ్లాలో చాటు నుంచి తుపాకులు పేలుతుండగా దిగి తలలు వంచుకుని పరుగెత్తామన్నారు. సీబీఎస్ తన పాత వీడియో బయటికి తీసింది. విమానాశ్రయంలో ఆమె తీరిగ్గా నడుస్తున్నారు, ఒక చిన్నపాప ఆమెకు కవిత చదివి వినిపిస్తోంది. ఒబామా కంటే తనకు అనుభవం ఎక్కువ అన్నదే ఆమె ప్రచారానికి వెన్నెముక. దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది.

బైడెన్ ఉదంతం ఇంకా విచిత్రం. 1987లో బ్రిటన్ నాయకుడు నీల్ కినాక్ ప్రసంగంలోని మాటలను, కుటుంబ వివరాలతో సహా, పేరు చెప్పకుండా తనవిగా వాడుకున్నారు. లా కాలేజీలో తరగతిలో పైసగంలో ఉన్నానన్నారు, 85 మందిలో 76వ స్థానమని తేలింది. రెండు ప్రసంగాలనూ పక్కపక్కన పెట్టిన టేపును సొంత పార్టీలోని ప్రత్యర్థి డుకాకిస్ సిబ్బందే పత్రికలకు అందించారు. సెప్టెంబరు 23న బైడెన్ బరి నుంచి తప్పుకున్నారు. 33 ఏళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరిలో, మండేలాను చూడబోయి దక్షిణాఫ్రికాలో అరెస్టయ్యానని అదే మనిషి చెప్పారు. నిలదీస్తే, అరెస్టు కాదు, ఆపారంతే అన్నారు. ఆ నెలాఖరున దక్షిణ కరోలినా ప్రైమరీలో భారీ ఆధిక్యంతో గెలిచారు, ఆ ఏడాదే అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మనిషి మారలేదు, అలవాటు మారలేదు. 2020 నాటికి ఎదుటి పక్షంలో ఉన్నది ట్రంప్. నాలుగేళ్లలో ఆయన చేసిన తప్పుడు లేదా తప్పుదారి పట్టించే వ్యాఖ్యలు 30,573 అని వాషింగ్టన్ పోస్ట్ లెక్కగట్టింది. ఆ రాశి పక్కన బైడెన్ అరెస్టు కథ ఎవరికి కనిపిస్తుంది?

ట్రంప్ విషయంలో పాత సూత్రాలు పనిచేయకపోవడానికి పరిశోధకులు వెతికిన కారణాలు ఆసక్తిగా ఉన్నాయి. ఆయన వ్యాఖ్యలు తప్పని ఆధారాలతో చూపినప్పుడు ఏమవుతుందో 2017, 2019లలో వెలువడిన అధ్యయనాలు పరిశీలించాయి. ఆయన అభిమానులు సవరణను మొండిగా తోసిపుచ్చలేదు. ఆ వ్యాఖ్య మీద నమ్మకం తగ్గించుకున్నారు. ఓటు, అభిమానం మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 2018లో ఆలివర్ హాల్, మిన్‌జే కిమ్, ఎజ్రా జుకర్‌మాన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వ్యవస్థ తమను మోసం చేసిందని రగిలిపోతున్నవారికి, అందరికీ తెలిసిన అబద్ధాన్ని నిర్భయంగా పలికే నాయకుడు మర్యాదల ముసుగు తీసేసిన నిఖార్సయిన మనిషిలా కనబడతాడట. అంటే ఇక్కడ 'నిజాయతీ' లెక్క వేరు. వాస్తవానికి కట్టుబడ్డాడా అని చూడరు, మా పక్షాన నిలబడ్డాడా అని చూస్తారు. ఆ లెక్కలో గోర్ లాంటివాడు నష్టపోతాడు. వాస్తవాలే తన బలమని చెప్పుకుని ఓట్లడిగినవాడి ఒక్క తప్పు కూడా ఆ పెట్టుబడిలోంచే పోతుంది. అలాంటి పెట్టుబడే పెట్టనివాడికి పోయేదేమీ ఉండదు.

అయితే ఎవరికీ నష్టం లేదనుకుంటే పొరపాటు. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియా చర్చలో, ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవారు జనం పెంచుకునే కుక్కలను, పిల్లులను తినేస్తున్నారని ట్రంప్ అన్నారు. అలాంటి ఫిర్యాదులకు నమ్మదగిన ఆధారం లేదని నగర అధికారులు చెప్పారు. ఐదు రోజుల తర్వాత ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్, మన తెలుగు టీవీలు ఆంధ్రా అల్లుడని మురిసిపోయిన ఆయనే, ప్రజల కష్టాలను మీడియా పట్టించుకోవడానికి కథలు సృష్టించవలసి వస్తే ఆ పనే చేస్తానని సీఎన్ఎన్‌లో అన్నారు. ఆ ఫిర్యాదులు తన నియోజకవర్గ ప్రజలు చెప్పినవేనని కూడా సమర్థించుకున్నారు. ఆ రోజుల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ బడులకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ కార్యాలయాలకు 30కి పైగా బాంబు బెదిరింపులు వచ్చాయి. అన్నీ ఉత్తుత్తివేనని తేలినా, పిల్లలను బడుల నుంచి బయటికి పంపారు, పోలీసులను కాపలా పెట్టారు. ఒహాయో గవర్నరు మైక్ డివైన్ రిపబ్లికనే, పుట్టింది ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. హైతీ దేశం నుంచి వలస వచ్చిన ఆ కుటుంబాలు చట్టబద్ధంగా వచ్చి కష్టపడి పనిచేస్తున్నాయని, ఆరోపణలకు ఆధారం లేదని, తన ఊరి గురించి ఇలా మాట్లాడడం బాధగా ఉందని న్యూయార్క్ టైమ్స్‌లో సెప్టెంబరు 20న వ్యాసం రాశారు. ట్రంప్, వాన్స్‌లకే తన మద్దతు అని కూడా అదే వ్యాసంలో రాశారు.